కాళ్లతో కరెంటు పుట్టిస్తే కష్టజీవికి మిగిలేదేమిటి?

మొన్న ఒక ఊళ్లో కూలీల సమావేశం అయ్యాక ఒక కుర్రాడు లేచాడు. పొలం పనులు లేని రోజుల్లో పట్నంలో అద్దెకు బ్యాటరీ రిక్షా నడుపుతాడు. "అన్నా, బండికి పెడళ్లు పెట్టి, తొక్కి కరెంటు పుట్టించి, ఆ కరెంటుతోనే బండి నడిపిస్తే చార్జింగు ఖర్చు తప్పుతుంది కదా?" అన్నాడు. కొందరు నవ్వారు. నవ్వాల్సిన ప్రశ్న కాదది. అద్దె, చార్జింగు పోను చేతిలో ఏమీ మిగలనివాడు అడిగిన ప్రశ్న. కాబట్టి లెక్క చూద్దాం.

రాత్రిపూట సైకిలు తొక్కినవాళ్లకు డైనమో సంగతి తెలిసిందే. టైరుకు ఆనించగానే దీపం వెలుగుతుంది, తొక్కుడు బరువెక్కుతుంది. ఆ దీపం తినేది 3 వాట్లే. ఆ కాస్త వెలుగు కూడా ఊరికే రాదు, మన పిక్కల్లోంచే వస్తుంది.

మరి మనిషి బలమెంత? ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటల తరబడి తొక్కితే ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. ఒక హెచ్.పి.లో పదోవంతు. పొలంలో 5 హెచ్.పి. మోటారు చేసే పనికి 50 మంది ఒకేసారి తొక్కాలి. ఒక మనిషి 8 గంటలు తొక్కితే వచ్చేది 0.6 యూనిట్టు. బ్యాటరీ రిక్షాలో మామూలుగా 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు నాలుగుంటాయి. అవి నిండడానికి 4.8 యూనిట్లు కావాలి. అంటే ఒక్క మనిషి 8 రోజులు తొక్కాలి. అదీ దారిలో ఏమీ పోకుంటే!

పోకుండా ఎలా ఉంటుంది? కాలువ ఎంత దూరం తిరిగితే అంత నీరు ఇంకిపోతుందని నీళ్లు కట్టేవాడికి ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. డైనమోలో కొంత, బ్యాటరీలో కొంత, మోటారులో కొంత వేడిగా పోతుంది. రూపాయి కష్టపడితే చక్రానికి ముప్పావలా చేరితే గొప్ప. నూనె పెట్టిన సైకిలు చెయిను పోగొట్టేది రూపాయికి ఐదు పైసల లోపే. తొక్కేది మన కాళ్లే అయినప్పుడు, మధ్యలో కరెంటు పెట్టుకోవడం నష్టానికే.

అసలు లెక్క తిండిది. ఒంట్లోకి పోయిన తిండి బలంలో మహా అయితే పావు వంతే పనిగా బయటికొస్తుంది. ఆ 0.6 యూనిట్టు కోసం మామూలు తిండి కాక మరో 600 గ్రాముల బియ్యం తినాలి. అరయూనిట్టు పైచిలుకు కరెంటు ఖరీదెంత, 600 గ్రాముల బియ్యం ఖరీదెంత? ఇంట్లో సరుకులు తెచ్చే ఆడవాళ్లనడిగితే ఇట్టే చెబుతారు. ఆ తిండి దొరకనప్పుడు కరెంటు పుట్టేది అన్నంలోంచి కాదు, కండలోంచి.

అలాగని యంత్రం వద్దనడం లేదు. రిక్షా తొక్కి తొక్కి గుండెలు అరగదీసుకున్న మనిషికి మోటారు ఎంత ఊరటో తొక్కినవాడికే తెలుసు. 2015లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఈ-రిక్షాలను అందులో చేర్చారు. బండి రోడ్డెక్కింది, మంచిదే. కానీ బండి ఎవరిది? రోజు అద్దె ఎవరి జేబులోకి పోతోంది? బ్యాటరీ చచ్చిపోతే కొత్తదాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది?

ఆ కుర్రాడికి చెప్పింది ఇదే. తమ్ముడూ, చార్జింగు ఖర్చు తగ్గించుకోవడానికి నీ కాళ్లలో వెతక్కు. అక్కడ దొరికేది అరయూనిట్టే. నీ సంపాదన కారిపోతున్నది అద్దె దగ్గర. నడిపేవాడి పేరు మీదే బండి ఉండాలి, తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు రావాలి, స్టాండు దగ్గర సరసమైన రేటుకు చార్జింగు పెట్టాలి. నీలాంటి పదిమందిని కూడగట్టి ఇవి అడుగు. మిగిలిన బలం దానికి ఖర్చుపెడితే ఒక్క వాటు కూడా వృథా కాదు.