కొసరు లెక్క

బరువు తగ్గాలని ఎవరైనా అంటే మన దగ్గర మూడు సలహాలు రెడీగా ఉంటాయి: అన్నం మానెయ్, జిమ్‌లో చేరు, రాత్రిపూట చపాతీ తిను. ఈ మూడింటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. తిన్నది తిన్నట్టు రాసుకోవడం. ఐదు నెలలుగా నేను చేస్తున్నది ఇదే. ఇది ఎందుకు పనిచేస్తుందో, అలవాటు ఎలా చేసుకోవాలో మన మెస్ భాషలోనే చెప్తాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. ఫస్టియర్ అయ్యేసరికి బరువు 84 కిలోలు. బరువుని మీటర్లలో ఉన్న ఎత్తు స్క్వేర్‌తో భాగిస్తే బీఎంఐ వస్తుంది. నాది 29. మన దేశంలో డాక్టర్లు 23 దాటితే అధిక బరువు అని, 25 దాటితే ఊబకాయం అని లెక్కేస్తారు. మనవాళ్ళకి తక్కువ బరువు దగ్గరే పొట్ట చుట్టూ కొవ్వు చేరి, షుగర్ వచ్చే ప్రమాదం మొదలవుతుంది. అందుకే ఆ గీత అంత కిందకి పెట్టారు. మా నాన్నకి 42 ఏళ్ళకే షుగర్ వచ్చింది. తాతయ్యకీ ఉండేది. కాబట్టి నాకిది పాత జీన్స్ పట్టకపోవడం గురించిన బాధ మాత్రమే కాదు.

రాస్తే ఏమవుతుంది?

అసలు కంటే కొసరు ముద్దు అంటారు కదా. తిండి విషయంలో ఆ కొసరే మన కొంప ముంచుతుంది. "ఇవాళ ఏం తిన్నావురా?" అని అమ్మ ఫోన్‌లో అడిగితే పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి చపాతీ అని చెప్తాం. అది అసలు. ల్యాబ్ బ్రేక్‌లో ఎగ్ పఫ్, ఫ్రెండ్ ప్లేట్‌లోంచి రెండు మిరపకాయ బజ్జీలు, రికార్డు రాస్తూ ఖాళీ చేసిన మిక్చర్ ప్యాకెట్, లెక్కలేనన్ని టీలు... ఇదంతా కొసరు. అసలు గుర్తుంటుంది. కొసరు గుర్తుండదు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. ఎంత డైటింగ్ చేసినా బరువు తగ్గట్లేదు అనే కొంతమందిని 1992లో అమెరికాలో పరిశీలించారు. వాళ్ళు రాసిచ్చిన లెక్క, నిజంగా తిన్నదానికన్నా సగటున 47 శాతం తక్కువ ఉంది. రాసినవాళ్ళే దాదాపు సగం వదిలేస్తే, రాయని మన సంగతేంటి? అక్కడే 2008లో దాదాపు 1,700 మందితో చేసిన ఇంకో పరిశోధనలో, రోజూ రాసినవాళ్ళు అసలు రాయనివాళ్ళకన్నా సుమారు రెట్టింపు బరువు తగ్గారు.

సీఎస్ వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ప్రోగ్రామ్ క్రాష్ అయితే కోడ్ అంతా చెరిపేసి కొత్తగా రాయం, ముందు లాగ్ చూస్తాం. లాగ్ బగ్‌ని సరిచెయ్యదు, ఏ లైన్‌లో ఉందో చూపిస్తుంది. అన్నం మానెయ్యడం అంటే లాగ్ చూడకుండా మంచి ఫంక్షన్‌ని డిలీట్ చేసినట్టే.

ఎలా రాయాలి?

మొదటిది, టైము. మనం చేత్తో తింటాం, తింటూ ఫోన్ పట్టుకోలేం. కాబట్టి చెయ్యి కడుక్కుని తుడుచుకున్న వెంటనే రాసెయ్యాలి. చెయ్యి కడగడం ఎలాగూ మర్చిపోం కాబట్టి అదే మనకి రిమైండర్. రాత్రి పడుకునే ముందు రోజంతా కలిపి రాద్దాం అనుకుంటే కొసరు అప్పటికే ఎగిరిపోతుంది.

రెండోది, కొలత. యాప్‌లు అడిగే కప్పులు, ఔన్సులు మన మెస్‌లో దొరకవు. గరిటె చాలు. "అన్నం 2 గరిటెలు, పప్పు 1, వేపుడు 1, పెరుగు 1, ఆవకాయ ముక్క" అని నోట్స్‌లో ఒక్క లైను. రోజూ అదే గరిటె కాబట్టి పోల్చుకోవడానికి సరిపోతుంది.

మూడోది, అంకెలు. కావాలంటే ఇవి గుర్తుపెట్టుకోండి. గ్రాము పిండిపదార్థానికి 4 కేలరీలు, ప్రొటీన్‌కి 4, కొవ్వుకి 9. అంటే చిన్న చెంచాడు నూనె, 5 గ్రాములు, 45 కేలరీలు. వంద గ్రాముల బియ్యం సుమారు 350, కానీ అదే వంద గ్రాముల అన్నం సుమారు 130, మిగతాది నీళ్ళు. యాప్‌లో బియ్యం బదులు అన్నం, అన్నం బదులు బియ్యం నొక్కితే రోజు లెక్కంతా తలకిందులవుతుంది. మన పప్పులు, కూరగాయల వివరాలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాలతో పట్టికలు వేసింది.

అయితే అంకెల కోసం గంటలు గంటలు కూర్చోనక్కర్లేదు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో 142 మంది ఆరు నెలలు ఆన్‌లైన్‌లో రాశారు. మొదటి నెలలో రోజుకి 23 నిమిషాలు పట్టేది, ఆరో నెలకి 15 నిమిషాల్లోపే. బాగా తగ్గింది ఎక్కువసేపు రాసినవాళ్ళు కాదు, రోజులో ఎక్కువసార్లు రాసినవాళ్ళు.

మొదటి వారం

మొదటి వారం తిండిలో ఏమీ మార్చకండి, రాయండి అంతే. ఆదివారం టిఫిన్ అయ్యాక ఏడు రోజులదీ ఒకసారి చదవండి. నా లాగ్‌లో రెండు విషయాలు కనపడ్డాయి. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచా 5 గ్రాములు అనుకుంటే, పంచదార నుంచే 160 కేలరీలు. రెండోది, మధ్యాహ్నం ప్లేట్‌లో పప్పు పలచగా ఉన్న రోజుల్లో సాయంత్రం నాలుగింటికి కచ్చితంగా ఏదో ఒక బజ్జీ ఉంది.

అందుకని టీలు రెండు చేశాను. మధ్యాహ్నం ఉడకబెట్టిన గుడ్డో, గుగ్గిళ్ళో చేర్చాను. అన్నం రెండు గరిటెలూ అలాగే ఉన్నాయి, ఆవకాయ కూడా. ఇప్పుడు 78 కిలోలు. ఐదు నెలల్లో ఆరు కిలోలు అంటే రీల్స్‌లో ఎవరూ చూడరు, కానీ నేను ఆకలితో పడుకున్న రోజు లేదు.

పండక్కి ఇంటికెళ్తే లెక్క తప్పుతుందని భయపడొద్దు. దసరాకి నా లాగ్‌లో "గారెలు 5, పాయసం 1 గిన్నె" అని ఉంది. అమ్మ ఇంకోటి వేస్తే వద్దనకుండా తిని, ఆరు అని దిద్దాను. మధ్యలో రెండు మూడు రోజులు రాయడం కుదరకపోతే వెనక్కెళ్ళి ఊహించి నింపకండి. తర్వాతి పూట నుంచి రాయండి.

ఎక్కడ ఆపాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. యాప్‌లో అంకె ఎర్రగా మారిందని భోజనం మానేస్తున్నారా? తినే ముందు భయం వేస్తోందా? ఎవరూ చూడకుండా తింటున్నారా? అయితే లాగ్ మూసేసి డాక్టర్‌తో మాట్లాడండి. తిండితో ఇంతకుముందే అలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు సొంతంగా ఇది మొదలుపెట్టకపోవడమే మంచిది. ఇంకోటి, ఎవరి లాగ్ వాళ్ళది. పక్కోడి ప్లేట్ చూసి "ఇంత తింటావా?" అనడానికి ఇది లైసెన్స్ కాదు. ఆ మాటకి మెస్‌కి రావడమే మానేసినవాళ్ళు మన హాస్టళ్ళలోనే ఉన్నారు.

మొదలుపెట్టడానికి సోమవారం దాకా ఆగక్కర్లేదు, కొత్త యాప్ కూడా అక్కర్లేదు. ఈ రాత్రి మెస్ నుంచి బయటికొస్తూ ఫోన్ నోట్స్‌లో ఒక్క లైను రాయండి. వచ్చేటప్పుడు క్యాంటీన్ దగ్గర ఏదైనా కొన్నారా? అదీ రాయండి.