మత్తులో చిక్కిన విద్యార్థికి దారి ఎటు?

ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో గుత్తి చుట్టుపక్కల సంఘాల్లో ఒక ప్రార్థన తప్పక వినిపిస్తుంది. ఇంటర్ ముగించిన పిల్లలు అనంతపురం, కర్నూలు, హైదరాబాదు, బెంగళూరుకు బయలుదేరుతుంటే పాస్టరుగారు తలమీద చెయ్యి ఉంచి దీవించి పంపుతారు. వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే ఇళ్ళలో ఆ ఫీజు డబ్బు ఎలా పుట్టిందో సంఘంలో అందరికీ తెలుసు. అలా అప్పుచేసి చదివిస్తున్న కొడుకు తాగుతున్నాడనో, గంజాయి పీలుస్తున్నాడనో తెలిసిన రోజున చాలా ఇళ్ళలో ముందు జరిగేది వైద్యుణ్ణి వెదకడం కాదు, విషయాన్ని దాచడం. కూతురైతే ఇంకా లోతుగా దాచుతారు.

ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ఈ దాపరికం ఎంత పెద్దదో చెబుతుంది. మన దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మంది కూడా ఏదో ఒక ఇంట్లో ఉన్నారు, ఏదో ఒక ప్రార్థనా మందిరానికో గుడికో మసీదుకో వస్తూనే ఉన్నారు.

విద్యార్థిని ఆపేవి మూడు భయాలు. పోలీసులు పట్టుకుంటారేమో, కాలేజీలోనుంచి తీసేస్తారేమో, సంఘంలో అమ్మానాన్నల పరువు పోతుందేమో. మొదటి రెండింటికీ చట్టంలో కొంత జవాబు ఉంది. మూడోదానికి జవాబు మన చేతుల్లోనే ఉంది.

గంజాయి వంటివి వాడటం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం నేరమే. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. వాడకం కేసులోనో, కొద్ది పరిమాణం దొరికిన కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ చికిత్సకు ముందుకొస్తే ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవారికి ఇది వర్తించదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక సమస్యలను కూడా తన పరిధిలోకి తీసుకుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని, కొన్ని మినహాయింపులు తప్ప, అదే చట్టం చెబుతోంది. డాక్టరుకు చెప్పిన మాట కాలేజీకి చేరుతుందని పిల్లలు భయపడనక్కర్లేదు.

ఎక్కడికి వెళ్ళాలి? మొదటి అడుగు ఫోన్‌తోనే వేయవచ్చు. మత్తు అలవాట్ల సహాయానికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే ఉచిత నంబరు 14446. దిగులు, నిద్రలేమి, చనిపోవాలన్న ఆలోచన కూడా తోడైతే 14416కు చేయాలి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కాలేజీ దగ్గర గంజాయి అమ్ముతున్నారని చెప్పడానికి మన రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది. గుత్తి నుంచి దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. అక్కడ మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్ళాలి. బెంగళూరులో చదివే పిల్లలకు నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకే ప్రత్యేక కేంద్రం ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని ఇంటర్ విద్యార్థిని ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో వెంట ఉండాలి.

చికిత్స అంటే కట్టేసి కొట్టడం కాదు. ముందు శరీరం మత్తు లేకుండా నిలదొక్కుకునేలా కొన్ని రోజులు మందులు ఇస్తారు. ఆ తరువాత కౌన్సెలింగ్ నెలల తరబడి సాగుతుంది. అసలు పని అక్కడే జరుగుతుంది. ఏ స్నేహం, ఏ ఒంటరితనం, ఏ పరీక్ష భయం అటు లాగుతోందో గుర్తుపట్టి, దాన్ని ఎదుర్కోవడం నేర్పుతారు. మధ్యలో ఒకసారి జారిపడటం మామూలే. బీపీ మళ్ళీ పెరిగితే రోగిని తిట్టం, డాక్టరు దగ్గరికి తిరిగి తీసుకెళతాం. ఇక్కడా అంతే.

సంఘాల్లో, ఇళ్ళలో మంచి మనసుతోనే జరిగే మూడు పనుల గురించి గట్టిగా చెప్పాలి.

ఒకటి, రోజూ బాగా తాగే వ్యక్తిని ఉపవాస ప్రార్థన పేరుతో గదిలో ఉంచి ఒక్కసారిగా మాన్పించడం. ఆఖరిసారి తాగిన రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. ఆ తరువాత చెమటలు, వణుకు, లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే అది ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని దయ్యం అనుకుంటే మనిషిని పోగొట్టుకుంటాం. ప్రార్థన ఆసుపత్రి మంచం పక్కన కూడా చేయవచ్చు.

రెండు, తాగుడు మాన్పే మాత్రలు తెచ్చి తెలియకుండా కూరలోనో సాంబారులోనో కలపడం. అలా వాడే డైసల్ఫిరామ్ ఒంట్లో ఉండగా తాగితే విపరీతమైన వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. రోగికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సిన మందు అది.

మూడు, బోర్డు చూసి ఏదో ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో వదిలేసి రావడం. రిజిస్ట్రేషన్ ఉందా, వైద్యుడు ఎవరు, ఇంటివాళ్ళను చూడనిస్తారా అని అడగండి. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. ఆ ప్రశ్నలకు విసుక్కునే చోట బిడ్డను వదలకండి.

ఇక ఆ మూడో భయం సంగతి. "ఫలానా వారి అబ్బాయి తాగుడు మానాలని ప్రార్థించండి" అని మైకులో పేరు చెప్పిన ఆదివారం నుంచి ఆ అబ్బాయి మందిరానికి రావడం మానేస్తాడు. కోలుకున్న పదో రోజే నిలబెట్టి సాక్ష్యం చెప్పమంటే, రేపు జారిపడినప్పుడు ఆ మాట ఎవరికీ చెప్పుకోలేడు. పేరు బయటపెట్టకుండా ప్రార్థించవచ్చు. సాక్ష్యం అతను అడిగినప్పుడు, అతని గడువులో చెప్పనివ్వవచ్చు. మద్యపానం మానినవారు ఒకరికొకరు ఆసరాగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైంది. పేరు బయటపెట్టకపోవడమే దాని పేరులో ఉంది. దేశదేశాల్లో ఎన్నో చర్చి హాళ్ళు ఆ కూటాలకు చోటిచ్చాయి. వారంలో ఒక సాయంత్రం ఖాళీగా ఉండే మన హాళ్ళు కూడా ఆ పనికి పనికొస్తాయి.

దారిలో గాయపడినవాణ్ణి చూసిన సమరయుడు గాయం కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ళ ఇంటిదాకా తీసుకెళ్ళాడు, ఖర్చు కట్టాడు, మళ్ళీ వస్తానన్నాడు. ప్రతి సంఘంలో నోరు కట్టుకోగల ఇద్దరు పెద్దలను, ఒక సహోదరుణ్ణి, ఒక సహోదరిని, ఈ పనికి ఏర్పరచండి. అనంతపురం బస్సు ఛార్జీ, మందుల ఖర్చు సంఘ నిధినుంచి ఇవ్వండి. మొదటి ఓపీ రోజున వెంట వెళ్ళండి, రెండో నెలలో, ఆరో నెలలో కూడా వెళ్ళండి. 14446, 14416 నంబర్లను ఈ ఆదివారమే మందిరం గోడమీద రాయించండి. అవి ఎవరికోసమని మాత్రం ఎవరినీ అడగవద్దు.