రాసింది కొద్ది... కూడబెట్టింది కొండంత

శ్రీకాకుళం: పాఠకుడు కోరింది రాయాలా, రచయిత తాను చూసింది రాయాలా? పత్రికలు పుట్టిన నాటినుంచీ తెగని పేచీ ఇది. జిల్లాకు చెందిన కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు ఈ పేచీలో ఎటు నిలబడ్డారో చెప్పడానికి ఉపన్యాసం అక్కరలేదు. ఆయన కథల లెక్క చూస్తే చాలు.

లావేరు మండలం మురపాకలో 1924 నవంబరు 9న పుట్టిన కారా మాస్టారు, 1948 నుంచి 31 ఏళ్ళు విశాఖపట్నంలో ఒకే ఎయిడెడ్ హైస్కూలులో పాఠాలు చెప్పారు. 1940లలోనే కథలు మొదలుపెట్టారు. అవి అచ్చవుతూ ఉండగానే కొన్నేళ్ళు కలం పక్కన పెట్టారు. 1960లలో మళ్ళీ పట్టేసరికి ఆ కలం పదును మారింది.

సీరియళ్ళ జోరు

అది సీరియల్ నవలలు ఊపందుకుంటున్న కాలం. వారపత్రిక వచ్చే రోజున బడ్డీకొట్ల దగ్గర జనం కాచుకునేవారు. వీధివీధినా అద్దె లైబ్రరీలు వెలిశాయి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' వంటి నవలలు ఇంటింటా నలిగాయి. అది 1976లో సినిమాగానూ వచ్చింది. వారం వారం రాసేవారికి పేరుకు పేరు, డబ్బుకు డబ్బు.

అటువంటి రోజుల్లో మాస్టారు 1964లో రాసిన కథ 'యజ్ఞం'. అందులో ప్రేమ లేదు, మేడలు లేవు. ఒక పల్లె, ఒక అప్పు, పెద్దల పంచాయితీ. న్యాయంగా జరిగినట్లే కనిపించే తీర్పు. బాకీ కింద తన బిడ్డ కూడా పాలేరు కాకూడదని తండ్రే ఆ పసివాణ్ణి చంపుకోవడంతో కథ ముగుస్తుంది. చదివినవారికి ఆ రాత్రి నిద్ర పట్టడం కష్టమే.

విశేషమేమంటే, 1966లో దీనిని అచ్చువేసినది పండితుల పత్రిక కాదు, ఇంటిల్లిపాదీ చదువుకునే మాసపత్రిక 'యువ'. ఆ ముగింపు సబబేనా అని ఏళ్ళ తరబడి వాదాలు జరిగాయి. జనానికి బరువైన కథ అక్కరలేదన్న మాట ఎంతవరకు నిజమో దీనినిబట్టే తెలుస్తుంది.

పేరు వచ్చాక మౌనం

పేరు వచ్చింది కదా అని మాస్టారు గంపలకొద్దీ రాయలేదు. 1972లో వచ్చిన 'కుట్ర' తర్వాత ఆయన కథలు దాదాపు ఆగిపోయాయి. కొత్తవారి కథలు చదవడం, వారికి మెళకువలు చెప్పడం మాత్రం మానలేదు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు లభించింది. మరో పదేళ్ళు రాసి ఉంటే ఇంకెన్ని మంచి కథలు వచ్చేవోనని బాధపడే పాఠకులు ఉన్నారు. ఆ బాధలో న్యాయం లేకపోలేదు.

అయితే ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. తనకు వచ్చిన అవార్డుల సొమ్ము వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో 'కథానిలయం' ప్రారంభించారు. అచ్చయిన తెలుగు కథ ప్రతి ఒక్కటీ అక్కడ ఉండాలన్నది సంకల్పం. తన కథ విషయంలో అంత పట్టింపు చూపిన మనిషి, ఇతరుల కథల దగ్గర మాత్రం ఇది గొప్పది, ఇది కాలక్షేపానిది అని గీత గీయలేదు. ఎవరికి ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో రేపటివారు తేల్చుకోవాలంటే ముందు కథంటూ మిగలాలి కదా!

మాస్టారు 2021 జూన్ 4న తమ 96 ఏళ్ళ వయసులో శ్రీకాకుళంలో కన్నుమూశారు. పాత పత్రికల కాగితం ముట్టుకుంటే పొడి అవుతున్నది. కథానిలయంలోని కథలను కంప్యూటర్లకు ఎక్కించి ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచడం సంతోషకరం. ఎవరి ఇంట్లోనైనా అటక మీద పాత వారపత్రికల కట్టలు ఉంటే, తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడడం మంచిది. ఎక్కడా దొరకని కథ ఒకటి అందులోనే చెదలకు ఆహారమవుతూ ఉండవచ్చు.