పాత ప్రోగ్రాం కొత్త వేదికకు మారితే లెక్క ఎక్కడ తప్పుతుంది?

లక్ష రూపాయల డిపాజిట్. ఏడాదికి 7 శాతం వడ్డీ. ఆరు నెలలకు ఎంత వస్తుంది? 3,500 రూపాయలని ఎవరైనా చెబుతారు. పాతికేళ్ల క్రితం విజువల్ బేసిక్‌లో రాసిన ప్రోగ్రాం కూడా అదే చెబుతుంది. ఆ ప్రోగ్రాంనే వరుస తప్పకుండా సీ షార్ప్ భాషలోకి మార్చి రాస్తే 3,000 అని రావచ్చు. కంప్యూటర్ ఏ హెచ్చరికా చేయదు. తెర మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. తగ్గిన 500 రూపాయలు మాత్రం ఒక ఖాతాదారువి.

పాత సాధనాలతో తయారైన సాఫ్ట్‌వేర్‌ను కొత్త వేదికకు మార్చడంలో అసలు చిక్కు ఇలాంటి చోటే ఉంది. పనిచేయకుండా ఆగిపోయే ప్రోగ్రాంను పట్టుకోవడం తేలిక. పనిచేస్తూనే వేరే జవాబు ఇచ్చే ప్రోగ్రాంను పట్టుకోవడమే కష్టం.

పాత సాధనం ఎందుకు నచ్చింది?

విండోస్‌లో ఒక చిన్న కిటికీ తెరిపించడానికి ఒకప్పుడు సీ భాషలో పేజీల కొద్దీ కోడ్ రాయాల్సి వచ్చేది. 1991లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన విజువల్ బేసిక్ ఆ బాధ తప్పించింది. బటన్‌ను మౌస్‌తో లాగి తెర మీద పెట్టాలి, దాన్ని నొక్కితే ఏం జరగాలో నాలుగు వరుసల్లో రాయాలి, అంతే. దాంతో ఇంజనీర్లే కాదు, లెక్కలు తెలిసిన ఆఫీసు ఉద్యోగులు కూడా తమకు కావలసిన ప్రోగ్రాంలు తామే రాసుకున్నారు. మన దేశంలోనూ దుకాణాల బిల్లింగ్, స్టాకు, జీతాల లెక్కలు ఎన్నో ఏళ్లు విజువల్ బేసిక్, ఫాక్స్‌ప్రో లాంటి వాటి మీదే నడిచాయి.

1998లో వచ్చిన ఆరో వెర్షన్ ఆ వరుసలో చివరిది. అప్పటికి ఇంటర్నెట్ విస్తరిస్తోంది. ఒక గదిలో ఒక కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రాంను వందల మంది ఒకేసారి వాడాల్సిన అవసరం వచ్చింది. ఆ అవసరం కోసమే 2002లో డాట్ నెట్ వేదిక విడుదలైంది. ఏ భాషలో రాసినా ముందుగా ఒకే మధ్యంతర కోడ్‌గా మారడం, దాన్ని నడిపే వ్యవస్థే మెమరీనీ భద్రతనూ చూసుకోవడం దీని ప్రత్యేకత. దీని తయారీలో హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. ఇక్కడ 1998లో మొదలైన మైక్రోసాఫ్ట్ కేంద్రంలోనే ఈ వేదిక కోసం జే షార్ప్ అనే భాష రూపొందింది.

పాత విజువల్ బేసిక్ సాధనానికి కంపెనీ మద్దతు 2008 ఏప్రిల్‌తో పూర్తిగా ముగిసింది. అయితే అప్పట్లో తయారైన ప్రోగ్రాంలు నేటి విండోస్‌లోనూ నడుస్తాయి. అందుకే చాలా చోట్ల మార్పు వాయిదా పడుతూ వచ్చింది.

పేరు ఒకటే, అర్థం వేరు

మొదట చెప్పుకున్న వడ్డీ లెక్క చూద్దాం. ఆరు నెలల రేటు కోసం 7ను 2తో భాగించాలి. విజువల్ బేసిక్‌లో జవాబు 3.5. సీ షార్ప్‌లో రెండూ పూర్ణాంకాలైతే జవాబూ పూర్ణాంకమే కావాలి, కాబట్టి 3 మిగులుతుంది. భాగహారం గుర్తు రెండింటిలోనూ ఒకటే. ఆ తేడా లక్ష రూపాయల మీద 500 అవుతుంది.

రెండో ఉదాహరణ ఇంటిజర్ అనే పదం. పాత విజువల్ బేసిక్‌లో ఇంటిజర్ అంటే 2 బైట్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. డాట్ నెట్‌లో అదే పదానికి 4 బైట్లు. పాత ఫైలులో పక్కపక్కన 5, 1 అనే రెండు సంఖ్యలు ఉన్నాయనుకోండి. కొత్త ప్రోగ్రాం ఆ నాలుగు బైట్లనూ ఒకే సంఖ్యగా చదివితే 65,541 వస్తుంది.

మూడోది డబ్బు. పాత విజువల్ బేసిక్‌లో కరెన్సీ అనే ప్రత్యేక రకం ఉండేది. అది మొత్తాన్ని పదివేల రెట్లు చేసి పూర్ణాంకంగా దాచుకునేది కాబట్టి పైసలు చెదిరేవి కావు. డాట్ నెట్‌లో ఆ స్థానంలో డెసిమల్ రకాన్ని వాడాలి. తొందరలో డబుల్ అనే రకం వాడితే 0.1, 0.2 కలిపినప్పుడు సరిగ్గా 0.3 రాదు. ఆ భిన్నాలు ద్విసంఖ్యామానంలో అంతం లేకుండా సాగుతాయి కాబట్టి ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. కత్తిరించిన కొస ఒక్క బిల్లులో కనిపించకపోవచ్చు. లక్షల బిల్లుల మొత్తంలో బయటపడుతుంది.

నాలుగోది మెమరీ. పాత పద్ధతిలో ఒక వస్తువుతో పని అయిపోగానే అది మాయమయ్యేది, దాంతోపాటే డేటాబేస్ కనెక్షన్ మూసుకునేది. డాట్ నెట్‌లో చెత్త ఊడ్చే వ్యవస్థ తనకు వీలైనప్పుడు వస్తుంది. మూసే పని ప్రోగ్రామరే స్పష్టంగా రాయాలి. రాయకపోయినా ఒక్కరు వాడినంతకాలం తేడా తెలియదు. వందల మంది ఒకేసారి వాడితే కనెక్షన్లు అయిపోతాయి.

యంత్రం మారిస్తే సరిపోదా?

పాత కోడ్‌ను కొత్త విజువల్ బేసిక్‌లోకి మార్చే విజార్డ్ ఒకటి విజువల్ స్టూడియోతో పాటు వచ్చేది. 2010 వెర్షన్ నుంచి దాన్ని తొలగించారు. అలాంటి సాధనం వ్యాకరణాన్ని మార్చగలదు. ఆ వరుస ఎందుకు రాశారో దానికి తెలియదు. ఎప్పుడో వచ్చిన ఒక ఉత్తర్వు కోసం బటన్ వెనక చేర్చిన చిన్న షరతు ఏ కాగితం మీదా ఉండకపోవచ్చు. ఆ సంస్థలో నిజంగా అమలవుతున్న నిబంధన మాత్రం అదే.

రెండూ పక్కపక్కన

వాతావరణ కేంద్రంలో పరికరం మార్చేటప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయరు. కొంతకాలం రెండింటినీ పక్కపక్కన ఉంచి రీడింగులు పోల్చి చూస్తారు. సాఫ్ట్‌వేర్‌కూ ఇదే నమ్మకమైన దారి. గత నెలల అసలు లెక్కలను పాత, కొత్త ప్రోగ్రాంలు రెండింటికీ ఇచ్చి జవాబులను పైసతో సహా పోల్చాలి. నెలాఖరు, మార్చి 31, ఫిబ్రవరి 29 లాంటి తేదీలను ప్రత్యేకంగా చూడాలి. తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు కొత్తదానిదే కానక్కర్లేదు, ఏళ్ల నాటి పాత పొరపాటు కూడా బయటపడవచ్చు. ఏది సరైనదో తేల్చాల్సింది ప్రోగ్రామర్ కాదు, ఆ లెక్కకు బాధ్యులైనవారు.

మొత్తం ఒకే రాత్రి మార్చనక్కర్లేదు కూడా. తాటిచెట్టు మీద మొలిచిన మర్రి మెల్లగా దాన్ని చుట్టేసి, చివరికి తన వేళ్ల మీద తాను నిలబడినట్టు, ఒక్కో భాగాన్నీ కొత్త వేదికకు తరలించవచ్చు. మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు 2004లో ఈ పద్ధతికి ఇలాంటి చెట్టు పేరే పెట్టారు.

ఈ పనిలో మొదటి మెట్టు కోడ్ కాదు, మనుషులు. ఆ ప్రోగ్రాంను ఏళ్లుగా వాడుతున్న గుమాస్తా పదవీ విరమణ చేయకముందే పక్కన కూర్చుని, ఏ బటన్ ఎప్పుడు నొక్కుతారో, ఎందుకు నొక్కుతారో అడిగి రాసుకోవాలి.