భయపెట్టే మంచి మచ్చలు

1948లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్టు సోఫీ స్పిట్జ్ 13 మంది పిల్లల మచ్చల మీద ఓ వ్యాసం రాశారు. స్లయిడ్ల మీద అన్నీ మెలనోమాలే, అంటే చర్మ కేన్సర్లలో మహా మొండిది. తీరా చూస్తే చనిపోయింది ఒక్క బిడ్డే. కణాలను చూస్తే కేన్సర్, పిల్లల్ని చూస్తే కాదు! ఆమె వీటిని ‘జువెనైల్ మెలనోమా’ అని వేరుచేసి పెట్టారు. అసలు వీటిలో చాలావరకు కేన్సరే కావని తర్వాత తేలింది. ఇవాళ ఆ మంచి మచ్చ పేరు స్పిట్జ్ నీవస్.

పిల్లల బుగ్గ మీదో కాలి మీదో గులాబీ రంగులో నున్నటి బొడిపె లేచి, నెలల్లోనే పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు పులిపిరి అనుకుంటారు. కోసి ల్యాబ్‌కి పంపాకే అసలు తలనొప్పి.

మామూలు పుట్టుమచ్చలో రంగు కణాలు చిన్నవి, గుండ్రనివి. ఇక్కడేమో రెండు కొసలూ సాగిన పెద్ద కణాలు, ఉబ్బిన కేంద్రకాలు. ఎక్కువ పవర్ లెన్సు కింద చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు తక్కువ పవర్‌లో మొత్తం మచ్చను చూస్తారు. ఎడమ సగం, కుడి సగం ఒకేలా ఉన్నాయా? అంచు ఠక్కున ఆగిందా, చెదిరి పాకుతోందా? కణాల గుంపులు పైపొర నుంచి అరటి గెలల్లా నిలువుగా వేలాడుతున్నాయా? (ఈ పోలిక పాథాలజిస్టులదే.) లోతుకు పోయేకొద్దీ కణాలు చిన్నవవుతుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. అట్టడుగున కూడా కణ విభజన జరుగుతుంటే అనుమానించాల్సిందే. పైపొరలో గులాబీ రంగు ముద్దలు కనిపిస్తే మొగ్గు మంచివైపే. 1979లో హిడెకో కామినో బృందం వర్ణించిన ‘కామినో బాడీలు’ అవే. అలాగని వాటినొక్కటే నమ్ముకుని రిపోర్టు రాయకూడదు.

అదే స్లయిడ్ ఐదేళ్ల పిల్లదంటే ఒక మాట, అరవై ఏళ్ల పెద్దాయన వీపుదంటే ఇంకో మాట. మచ్చ ఎక్కడిదో, ఎవరిదో తెలియకుండా మైక్రోస్కోపు సగమే చెబుతుందని నా అభిప్రాయం.

అరచేతి, అరికాలి మచ్చలే చూడండి. భారతీయుల్లో మెలనోమా అరుదే గానీ, వస్తే అరికాలు దానికి ఇష్టమైన చోటు. అక్కడి మంచి మచ్చలోనూ కణాలు కొన్ని పైపొరల్లోకి ఎగబాకుతాయి. వీపు మీద అలా కనిపిస్తే కంగారు పడాలి, అరికాలిలో కొంతవరకు సహజమే. ఇంకో తిరకాసూ ఉంది. ముక్కను చర్మపు గీతలకు అడ్డంగా తరిగితే మచ్చ పొందికగా కనిపిస్తుంది. గీతల వెంబడే తరిగితే అదే మచ్చ చిందరవందరగా అనిపిస్తుంది. టెక్నీషియన్ కత్తి ఎటు తిరిగిందన్నది కూడా రోగనిర్ణయంలో భాగమే!

మనవాళ్లకు బాగా తగిలే చిక్కు వేరే. మచ్చ అందం చెడగొడుతోందని పార్లర్లో కాల్పించుకోవడం, సున్నం, చాకలి సోడా కలిపి పూయడం. కొన్నాళ్లకు మచ్చ వంకరటింకరగా మళ్లీ మొలుస్తుంది. స్లయిడ్‌లో పైపొర కణాలు అస్తవ్యస్తంగా, అచ్చు మెలనోమాలా ఉంటాయి. 1975లో దీనికి ‘సూడోమెలనోమా’ అన్న పేరే పెట్టారు. గుట్టు విప్పేది కింద ఉన్న గాయపు మచ్చ. గందరగోళమంతా దానికి పైనే, దాని అడుగున పాత పుట్టుమచ్చ కణాలు బుద్ధిగా ఉంటాయి. కాల్పించిన సంగతి డాక్టరుకు చెప్పకపోతే పాథాలజిస్టు తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. మొదటిసారి ల్యాబ్‌కే వెళ్లకుండా బూడిదైన మచ్చ సంగతి ఇక ఎవరూ చెప్పలేరు.

అన్నీ సరిగ్గా ఉన్నా నిపుణులు విభేదిస్తారు. అమెరికాలో 187 మంది పాథాలజిస్టులకు స్లయిడ్లిచ్చి చూసిన అధ్యయనం 2017లో వచ్చింది. స్పష్టంగా నిరపాయకరమైన మచ్చల్లో 92 శాతం తీర్పులు నిపుణుల బృందంతో కలిశాయి. ఎటూ తేలని మధ్యరకాల్లో 25 నుంచి 43 శాతమే కలిశాయి. అలాంటి చోట పీ16 అనే ప్రొటీన్ కోసం చేసే రంగు పరీక్షలు, ఏఎల్‌కే, ఎన్‌టీఆర్‌కే వంటి జన్యువుల అతుకుల కోసం వెతకడం ఇప్పుడు తోడవుతున్నాయి.

రిపోర్టులో ‘అనుమానాస్పదం’ అని ఉంటే రెండో అభిప్రాయం అడగడానికి మొహమాటపడక్కర్లేదు. కోసిన ముక్కను ల్యాబ్‌లో పొదిగి ఉంచే మైనపు దిమ్మె ఏళ్ల తరబడి చెడదు. అందులోంచి ఇంకో పొర తరిగి వేరే పాథాలజిస్టుకు చూపించుకోవచ్చు.