కుక్కపిల్ల ఇల్లు తడపకుండా...

తల్లాడ లాంటి ఊళ్లో పెరడున్న ఇంటికి కుక్కపిల్ల వస్తే సగం పని తేలికైనట్టే. మిగతా సగం మీ ఓపిక. రెండు నెలల పిల్ల మహా అయితే రెండు, మూడు గంటలే ఆపుకోగలదు. అందుకే నిద్ర లేవగానే, ఆడుకున్నాక, తిన్న పావుగంటకు పెరట్లో ఒకే మూలకు తీసుకెళ్లండి. పని కాగానే అక్కడే మెచ్చుకుని చిన్న తాయిలం పెట్టండి. లోపలికొచ్చాక పెడితే ఎందుకిచ్చారో దానికి తెలియదు. రాత్రి ఒకసారి మీరూ లేవాల్సిందే!

ఇంట్లో తడిపిందని ముక్కు నేలకు రుద్దడం, కొట్టడం వద్దు. భయపడి మంచం కింద చాటుగా కానిస్తుంది, అంతే. ఆ చోటును నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడవండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది.

టీకాలు పూర్తయ్యేదాకా రోడ్డు మీదకు మాత్రం తీసుకెళ్లకండి. వేరే కుక్కల మలం నుంచి పార్వో వైరస్ సోకితే ప్రాణానికే ముప్పు. మొదటి టీకా 6-8 వారాలకు, రేబిస్ టీకా మూడు నెలలకు. తేదీలు పశువైద్యుడితో రాయించుకోండి. నట్టల మందూ ఆయన చెప్పినట్టు వేయించండి.

పెరట్లో మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తేయాలి. వదిలేస్తే కొంకిపురుగుల లార్వాలు మట్టిలో చేరి, చెప్పుల్లేకుండా ఆడుకునే మీ పిల్లల పాదాల్లోంచి చర్మంలోకి దూరతాయి. దురదతో మెలికలు తిరిగిన ఎర్రటి గీత కనిపిస్తే డాక్టరుకు చూపించండి.