గ్యారేజీలో పుట్టే రంగుల తుపాకీ

విజయవాడ వన్‌టౌన్‌లో అల్యూమినియం అంటే తూకం లెక్క. గిన్నె ఎంత అందంగా ఉన్నా ముందు కాటా ఎక్కాల్సిందే. కిలో ఇంత అని కొట్లో వాళ్లు చెప్పాలి, ఇంకాస్త తగ్గించమని అమ్మలు బేరమాడాలి.

అదే అల్యూమినియం దిమ్మ ఒకటి కొని ఇంటికి తెచ్చుకుని, ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిళ్లు నెలల తరబడి చెక్కేవాళ్లున్నారు. చివర్లో ఒక్క కోత తప్పితే అదంతా మళ్లీ కిలోల లెక్కన పాత సామాన్లలోకే. అయినా మర్నాడు ఇంకో దిమ్మ మొదలుపెడతారు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో కొందరికి ఇదో పిచ్చి. వాళ్లు చెక్కేది... పెయింట్‌బాల్ తుపాకీ బాడీ!

తుపాకీ అంటే మాత్రం వాళ్లు ఒప్పుకోరు. మార్కర్ అనాలి. అంటే గుర్తు పెట్టేది. నిజానికి దాని పుట్టుకే అంత. అడవిలో నరకాల్సిన చెట్లకీ, మందలో వేరుచేయాల్సిన పశువులకీ దూరం నుంచే రంగు గుర్తు వేయడానికి అమెరికాలోని నెల్సన్ పెయింట్ కంపెనీ ఈ పనిముట్టుని అమ్మేది. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో 12 మంది దాన్ని పట్టుకుని ఓ ఆట ఆడారు. ఎవరికీ దొరక్కుండా జెండాలన్నీ తెచ్చినవాడే విజేత. గెలిచిన రిచీ వైట్ అసలు ఒక్కసారి కూడా పేల్చలేదు. పెయింట్‌బాల్ ఆటకి అదే మొదలు.

ఇప్పుడు ఆ ఆట మనకీ కొత్త కాదు. హైదరాబాద్ శివార్లలోని రిసార్టులకి వెళితే ముసుగు తగిలించి, చేతికి ఓ మార్కర్ ఇస్తారు. అద్దెకిచ్చేది గనుక అది మొరటుగా, బరువుగా ఉంటుంది. ఎవరూ దాని అందం చూడరు. అసలు పిచ్చి ఉన్నవాళ్లకి ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

రెండు గొట్టాల గొడవ

ఈ పిచ్చికి బాగా దొరికిపోయిన మార్కర్ ఆటోకాకర్. అమెరికన్ బడ్ ఆర్ 1980లలో చేత్తో లాగి పేల్చే స్నైపర్ అనే మార్కర్ చేశాడు. దానికి ముందువైపు చిన్న సిలిండరూ కవాటాలూ బిగించి, గాలితో తనంతట తనే వెనక్కి లాక్కునేలా చేసిందే ఆటోకాకర్. పేల్చిన ప్రతిసారీ వెనకున్న దిమ్మ టకటకా ముందుకీ వెనక్కీ ఆడుతుంది. చూడ్డానికి కుట్టు మిషనే!

దాని బాడీ ఒక అల్యూమినియం దిమ్మ. అందులో ఈ చివర నుంచి ఆ చివరికి, ఒకదాని మీద ఒకటిగా రెండు పొడవాటి రంధ్రాలు. పై దాంట్లో రంగు గోళీని ముందుకి తోసే బోల్ట్, కింది దాంట్లో కవాటాన్ని కొట్టే సుత్తి. కంపెనీ బాడీ పైన కావాల్సిన దానికంటే ఎక్కువ లోహం ఉంటుంది. దాన్ని మిల్లింగ్ మిషన్ మీద గాడులుగా, వంపులుగా కోసి తీసేస్తే బరువు తగ్గుతుంది, అలాంటిది ఇంకొకరి దగ్గర ఉండదు. మొదట్లో అందరూ చేసేది ఇదే. తర్వాత ధైర్యం పెరుగుతుంది. కంపెనీ బాడీ ఎందుకు, మొత్తం నేనే చేస్తే పోలా అనిపిస్తుంది!

ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసే ఎవరినైనా అడగండి, ఇందులో కష్టం ఎక్కడుందో చెప్పేస్తారు. వంపులు కాదు, ఆ రంధ్రాలు. పొడవాటి డ్రిల్లు లోపలికి దిగేకొద్దీ మెల్లగా పక్కకి జరుగుతుంది. రెండు వైపుల నుంచీ తొలిస్తే మధ్యలో కలవకపోవచ్చు. వెంట్రుక మందం తేడా వచ్చినా సుత్తి ఇరుక్కుంటుంది. అందుకే ముందు చిన్నగా తొలిచి, తర్వాత పెద్దది చేసి, ఆఖర్న రీమర్‌తో నున్నగా తీస్తారు. పైగా అల్యూమినియం మెత్తన. వేడెక్కితే కోసే పదును అంచుకి అతుక్కుని గోడలంతా గీతలు పెడుతుంది. కిరసనాయిలు చుక్కలు వేసుకుంటూ కోయడం మన షెడ్లలోనూ ఉన్నదే.

ఇక్కడ జాగ్రత్త!

చూడముచ్చటైన గాడి కోసం పైనుంచి ఇంకాస్త లోతుగా కోద్దామనిపించడమే ఈ హాబీలో ప్రమాదం. లోపల ఉండేది గాలి కాదా అనుకోవద్దు. కారు టైర్లో 30 పీఎస్ఐ చొప్పున కొడతాం. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లో 21 డిగ్రీల దగ్గరే దాదాపు 850 ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా నిలవలేదు, ఒత్తిడి వెయ్యి దాటిపోతుంది. రోహిణీ కార్తెలో విజయవాడ ఎండ ఎంతో మనకి చెప్పాలా! కవాటం ఉన్నచోట గోడ పల్చబడితే పగిలేది బాడీ ఒక్కటే కాదు. సిలిండర్‌ని సరిగా బిగించక, కవాటం ఊడి ప్రాణాలు పోయిన సంఘటనలు అమెరికాలో ఉన్నాయి. అందుకే బుద్ధిమంతులు కవాటం చుట్టూ అందం జోలికి వెళ్లరు.

గోళీ వేగానికీ హద్దుంది. మైదానాల్లో సాధారణంగా సెకనుకి 300 అడుగులు మించనివ్వరు. అంటే గంటకి దాదాపు 330 కిలోమీటర్లు. జెలటిన్ తొడుగులో ఉన్న రంగే అయినా, కంటికి తగిలితే చూపు పోతుంది. ముసుగు లేనివాళ్లని లోపలికి రానివ్వకపోవడం అందుకే. ఇది చదివి మన పిల్లలెవరైనా లేతు దగ్గరికి పరిగెత్తేముందు ఇంకోమాట: మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉంది. ఇలాంటివి సొంతంగా తయారుచేయొచ్చో లేదో ముందు తెలుసుకోవాలి.

కోత అయ్యాక రంగు. వంటింట్లో నల్లటి ఎనోడైజ్డ్ బాణలి ఉంటుంది కదా, దాని చుట్టమే ఈ పద్ధతి. బాడీని గంధకామ్లంలో ముంచి కరెంటు పంపిస్తే పైన సన్నటి ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు. ఎరుపు, నీలం, ఊదా... రంగు నీళ్లలో ముంచితే పీల్చుకుంటాయి. మరిగే నీళ్లలో పెడితే మూసుకుపోతాయి. తంటా ఏమిటంటే ఆ పొర లోపలి రంధ్రాల్లోనూ పేరుకుంటుంది. అప్పటిదాకా సరిగ్గా ఆడిన బోల్ట్ రంగేశాక బిగుసుకుపోతుంది! తెలిసినవాళ్లు ఆ కాస్తా లెక్కేసి ముందే రంధ్రాన్ని రవ్వంత పెద్దది చేసుకుంటారు.

1990ల చివర్లో ఎలక్ట్రానిక్ మార్కర్లు వచ్చాయి. ఆటోకాకర్ కంటే చాలా వేగంగా పేలుస్తాయి. బడ్ ఆర్ కంపెనీ కూడా 2000లలో చేతులు మారింది. కంప్యూటర్‌తో నడిచే మిషన్లు నెలల పనిని గంటల్లో చేసేస్తున్నాయి. గెలవడమే కావాలంటే కొత్తది కొనుక్కోవడం తేలిక. పాత ఆటోకాకర్ బాడీల్ని చెక్కేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు.

వాళ్లకి పని బాగా కుదిరిందా అన్నది తేల్చుకోవడానికి మైదానందాకా వెళ్లక్కర్లేదు. గాలి ఇంకా ఎక్కించని ఖాళీ బాడీని నిలువుగా పట్టుకుని, కింది రంధ్రాన్ని అరచేత్తో గట్టిగా మూసి, పైనుంచి నూనె రాసిన బోల్ట్‌ని వదలాలి. వదులుగా ఉంటే దభీమని పడుతుంది. బిగుతుగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. కొలత కుదిరితే లోపలున్న గాలి మీద కూర్చుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగుతుంది. చెయ్యి తీయగానే సర్రున జారి కింద పరిచిన గుడ్డలో పడుతుంది.